తలుపు ఇవతలి సంగీతం

మా నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు ఒక సినిమా హాల్లో తలుపు తీశాడు, తలుపు వేశాడు. మీరేం పని చేస్తారని ఎవరైనా అడిగితే అంతే చెప్పేవాడు. టిక్కెట్టు చింపి సగం చేతికివ్వడం, టార్చిలైటు వేసి ఆలస్యంగా వచ్చినవాళ్ళకి సీటు చూపించడం, ముందు సీటుమీద కాళ్ళు పెట్టినవాళ్ళని మందలించడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే. కానీ అవన్నీ ఎవరైనా చెయ్యగలరని ఆయన ఉద్దేశం. తలుపు తియ్యడం మాత్రం అందరివల్లా కాదట.

ఎందుకు కాదో మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ వివరించేవాడు, వాళ్ళు అడక్కపోయినా. ఆట ముగిసే క్షణానికి ముందు తీస్తే బయటి వెలుతురు తెరమీద పడి హీరో మొహం వెలిసిపోతుంది, హాలంతా అరుస్తుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే ఆరువందల మంది వచ్చి తలుపుమీద పడతారు. ఈ రెంటికీ మధ్య ఉన్న సందులో తియ్యాలి. బయట నిలబడ్డవాడికి తెర కనిపించదు కాబట్టి సంగీతాన్ని పట్టుకోవాలి. చివర్లో వయొలిన్లన్నీ పైకి లేస్తాయి, ఒక్కసారి ఆగుతాయి, డ్రమ్ము మూడు దెబ్బలు పడుతుంది.

"మూడో దెబ్బకి గడియమీద చెయ్యి ఉండాలి. నాలుగోది పడుతుందనిపిస్తుంది చూడు, పడదు. అదే తలుపు" అనేవాడు.

వచ్చినవాళ్ళు తల ఊపి కాఫీ తాగేవాళ్ళు. హాల్లో ఆయన్ని అందరూ తలుపాయన అనేవాళ్ళు. అమ్మ కూడా కోపం వచ్చినప్పుడు తలుపుగారూ అని పిలిచేది.

అమ్మది అదే హాల్లో కాంటీను. హాలు గోడకి ఆనుకుని ఒక ఇరుకు గది. ఒక పక్క స్టవ్వు, టీ గిన్నె. ఇంకో పక్క గాజు బీరువాలో బన్నులు, బిస్కెట్లు, సోడాలు. ముందర ఒక చెక్కబల్ల. అక్కడ ఆవిడ టీ అక్క. ఆవిడ పని కూడా నాన్న పనిలాగే క్షణాలమీద నడిచేది. ఇంటర్వెల్ పది నిమిషాలు, ఆ పది నిమిషాల్లో రెండొందల గ్లాసులు పోవాలి. టీ మరీ ముందు పెడితే మరిగి చేదెక్కుతుంది. ఆలస్యంగా పెడితే జనం గిన్నెవైపు చూస్తూ నిలబడి, గంట మోగగానే తాగకుండా లోపలికి పోతారు. ఇంటర్వెల్‌కి సరిగ్గా ఎనిమిది నిమిషాల ముందు పొడి వెయ్యాలి. గదిలో గడియారం ఉండేది గానీ దాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు. ఆపరేటరు తన ఇష్టం వచ్చినప్పుడు ఆట మొదలుపెట్టేవాడు, తనకి నచ్చని పాటలు కోసిపారేసేవాడు. అందుకని అమ్మ గోడని వినేది. ఆ గోడలోంచి మాటలు వచ్చేవి కావు. సంగీతం మాత్రం వడకట్టినట్టు శుభ్రంగా వచ్చేది.

మొదటి సగంలో టీ పెట్టాలి, రెండో సగంలో గ్లాసులు కడగాలి. అలా మా అమ్మ తక్కువలో తక్కువ ఎనిమిదొందల సినిమాలు విన్నది. ఒక్కటీ చూడలేదు.

కథ చెప్పే పని నాన్నది. కొత్త సినిమా వచ్చిన రోజు, ఆలస్యంగా వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే వంకతో లోపల కాసేపు నిలబడి చూసి, బయటికొచ్చి బల్లమీద మోచెయ్యి ఆనించి చెప్పేవాడు.

"ఇందాక ఫ్లూటు వచ్చిందేమిటండీ?" అనేది అమ్మ.

"తమ్ముడు రైలు దిగాడు."

"ఆ తర్వాత గంటలు మోగాయి?"

"పిల్లవాడికి చూపొచ్చింది."

"మరి ఆ డ్రమ్ములు?"

"అదేం లేదులే. కొట్టుకున్నారు."

వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మాటల్లో సగానికి పైన ఇవే అయి ఉంటాయని నా అంచనా. ఇంట్లో వేరే విషయాలు మాట్లాడుకోవాల్సి వస్తే ఇద్దరూ కొంచెం మొహమాటపడేవాళ్ళు. అమ్మకి ఇష్టమైన సినిమాలు చాలా ఉండేవి. వాటిలో ఎవరు నటించారో ఆవిడకి తెలియదు. ఫలానా సినిమాలో హీరో ఎవరమ్మా అంటే, "ట్రంపెట్టు" అనేది. నేను బళ్ళో ఆ సమాధానమే చెప్పి నవ్వులపాలయ్యాను. ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అన్నిటికంటే అమ్మకి ఇష్టమైన సంగీతం ఒకటుంది. నాకప్పుడు నాలుగేళ్ళు. ఆ సినిమా పాతిక వారాలు ఆడింది, రోజుకి నాలుగు ఆటలు. ఇంటర్వెల్‌కి తొమ్మిది నిమిషాల ముందు ఒంటరి ఫ్లూటు నాలుగు స్వరాలు పలికి ఆగేది. మళ్ళీ అవే నాలుగు. మూడోసారి వాటికింద వయొలిన్లు వచ్చి చేరేవి. అమ్మకి అది పొడి వెయ్యమని పిలుపు. "ఎవరో గుమ్మం దాకా వచ్చి, పిలవనా వద్దా అని ఆగి, పిలిచినట్టుంటుంది" అనేది. అక్కడ కథ ఏమిటంటే, చిన్నప్పుడు తప్పిపోయిన కూతురు పెద్దదై, తల్లిని వెతుక్కుంటూ వచ్చి తలుపు తట్టింది. తల్లి తలుపు తీసింది. అదీ నాన్న చెప్పిన కథ. ఆయన చెప్పే కథల్లో ఎక్కడో ఒకచోట తలుపు ఉండేది కాబట్టి మాకు వింతగా అనిపించలేదు.

ఆ రాగం మా ఇంట్లో నాలుగో మనిషిలా ఉండేది. అమ్మ నన్ను దాంతోనే నిద్రపుచ్చింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు దాన్నే తీసేది, దారం ఎక్కగానే ఆపేది. నాన్న గడ్డం గీసుకుంటూ ఈల వేసేవాడు. నా పెళ్ళిలో, నేను మండపంలోకి నడిచి వచ్చేటప్పుడు అదే వాయించాలని అమ్మ పట్టుబట్టింది. బ్యాండు మేస్త్రీ మూడుసార్లు అడిగాడు, "ఇదేనా అమ్మా? ఖాయమేనా?" అని. ఖాయమే అంది. నేను నడుస్తుంటే రెండు వరసల పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పెళ్ళిలో ఏడవడం మామూలే కదా అనుకున్నాం. మా మామగారు మాత్రం ఆ తర్వాత చాలాకాలం నావైపు జాలిగా చూసేవాడు.

తర్వాత నేను బీమా ఆఫీసులో చేరాక, నా ఫోనుకి కూడా అదే రాగం పెట్టుకున్నాను. అది మోగినప్పుడల్లా మా సెక్షన్లో ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు. ఫైళ్ళ దుమ్మనుకున్నాను.

నాన్నా అమ్మా ఒకే నెలలో పని మానేశారు. ఆయనకి మోకాళ్ళు, ఆవిడకి నడుము. మానేసి అయిదేళ్ళయింది. మొన్న ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ చూశాను, పాత హాలు గోడమీద పోస్టరు. ఆ సినిమానే, కడిగి తుడిచి కొత్తగా చేశారట, వారం రోజులు ఉదయం ఆట మాత్రం వేస్తారట. అమ్మ పుట్టినరోజు ఆ వారంలోనే. ఇంకేం ఆలోచించకుండా మూడు టిక్కెట్లు కొని, పుట్టింటికి తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టాను.

అమ్మ టిక్కెట్లని అటూ ఇటూ తిప్పి చూసింది. "చింపకుండా ఎప్పుడూ చూడలేదు" అంది. సంతోషపడిందనే అనుకున్నాను. నాన్న మొహంలో మాత్రం కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. నన్ను పెరట్లోకి పిలిచాడు.

"టిక్కెట్లు వెనక్కి ఇచ్చెయ్" అన్నాడు.

"ఎందుకు?"

"ఆ హాల్లో ఏసీ చలి ఎక్కువ పెడుతున్నారట. మీ అమ్మ నడుము పట్టేస్తుంది."

"శాలువా కప్పుకుంటుంది."

ఆయన తీగమీద ఆరేసిన తువ్వాలు తీసి, మడతపెట్టి, మళ్ళీ ఆరేశాడు. అప్పుడు చెప్పాడు.

"ఆ సినిమాలో తల్లి తలుపు తియ్యదు."

"మరి?"

"చచ్చిపోతుంది. కూతురు వచ్చేసరికి పోతుంది. ఆ సంగీతం దానికి."

నాకు ముందు నా పెళ్ళి గుర్తొచ్చింది. తర్వాత మా మామగారు. తర్వాత ఆఫీసులో పెద్దాయన. ఆయనకి వాళ్ళమ్మ పోయిన ఏడాదే నేను ఆ సెక్షన్లో చేరాను.

"ఇన్నేళ్ళూ అబద్ధం చెప్పావా నాన్నా?" అన్నాను. అరిచాననే చెప్పాలి.

"మెల్లగా" అన్నాడు. "మీ అమ్మమ్మ పోయి అప్పటికి పదిహేను రోజులు. మీ అమ్మ ఊరు చేరేసరికే అంతా అయిపోయింది. చివరి చూపు కూడా లేదు. తిరిగొచ్చి ఒక్క మాట మాట్లాడకుండా టీ పెడుతోంది. ఈ సినిమా వచ్చింది. గోడలోంచి ఆ ఫ్లూటు వినగానే తలెత్తి అడిగింది, ఇప్పుడేం జరిగిందండీ అని. పదిహేను రోజుల్లో నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. తల్లి పోయింది, కూతురు అందుకోలేకపోయింది అని ఎలా చెప్పను? తలుపు తీసిందని నోట్లోంచి వచ్చేసింది."

"మర్నాడైనా చెప్పాల్సింది."

"చెబుదామనే వెళ్ళాను. గ్లాసులు కడుగుతూ అదే కూనిరాగం తీస్తోంది." తువ్వాలు మళ్ళీ తీశాడు. "ఇప్పుడు వెళ్ళి చూస్తే ఏమవుతుంది? ఉన్నది ఆ ఒక్క రాగం. అదీ పోతుంది. నేను అబద్ధాలకోరునవుతాను, అది పరవాలేదు. మీ అమ్మకి వాళ్ళమ్మ ఇంకోసారి పోతుంది."

మా నాన్న అంత పొడుగు మాట మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు కోపం దిగిపోయింది. దాని స్థానంలో భయం వచ్చింది, ఎందుకంటే టిక్కెట్లు కొన్నది నేను.

ఆ వారం నేను అక్కడే ఉండిపోయాను. ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. ముందు ఆపరేటరు దగ్గరికి వెళ్ళాడు. ఆపరేటరు ఇంకా ఆ హాల్లోనే ఉన్నాడు, ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. తోడుకి నన్ను తీసుకెళ్ళాడు గానీ నన్ను మాట్లాడనివ్వలేదు.

"ఇంటర్వెల్‌కి ముందు పది నిమిషాలు కోసెయ్యాలి" అన్నాడు నాన్న.

"నీకేమైనా మతిపోయిందా? రీళ్ళెక్కడున్నాయి? ఇప్పుడంతా ఒక డబ్బాలో వస్తోంది. నేను మీట నొక్కి కూర్చుంటాను, అంతే."

"పోనీ అక్కడ సౌండు తగ్గించు."

"జనం తంతారు."

"ఒక్క ఆటకి."

ఆపరేటరు నిజంగానే బాధపడ్డాడు. "ఆ రోజుల్లో అయితే అడక్కుండానే కోసేవాణ్ణి. ఎన్ని కోశాను! అప్పుడు అడిగావు కాదు."

"అప్పుడు అవసరం రాలేదు" అన్నాడు నాన్న.

తర్వాత ఆయనకి కడుపులో నొప్పి వచ్చింది. అమ్మ పొట్టమీద చెయ్యి వేసి చూసి, "అయితే మీరు ఇంట్లో పడుకోండి, మేమిద్దరం వెళ్ళొస్తాం" అంది. నొప్పి ఆ నిమిషమే తగ్గింది. ఇక నిజం చెప్పడమే మిగిలింది. భోజనాల దగ్గర మూడు రోజులు మొదలుపెట్టాడు. "ఆ సినిమా గురించి ఒక మాట" అనేవాడు. "ముందు తినండి, చల్లారిపోతోంది" అనేది అమ్మ. రెండు ముద్దలు తినేవాడు. తిన్నాక మాట కూడా చల్లారిపోయేది. నన్ను చెప్పమన్నాడు. నువ్వు పెట్టిన ముడి నువ్వే విప్పుకోమన్నాను. అలా అన్నానే గానీ, ఆ మూడు రోజులూ నాకు కూడా ముద్ద దిగలేదు.

సినిమా రోజు అమ్మ గంట ముందే తయారై గుమ్మంలో కూర్చుంది. శాలువా తెచ్చుకుంది. దారిలో బస్సులో ఉన్నట్టుండి అడిగింది, "మనిద్దరం కలిసి ఎప్పుడైనా సినిమా చూశామా?"

నాన్న ఆలోచించాడు. "నువ్వు అవతల ఉండేదానివి కదా" అన్నాడు.

తలుపు దగ్గర టిక్కెట్టు చింపడానికి ఇప్పుడు ఎవరూ లేరు, ఒక యంత్రం పీప్ మంటుంది. నాన్న దానివైపు ఒక్కసారి చూసి ముందుకి నడిచాడు. ఆ చూపులో ఎంత మర్యాద తక్కువో చెప్పడం కష్టం. లోపల అమ్మ మధ్యలో కూర్చుంది. చాలాసేపు తెరవైపు కాదు, ఎడమ గోడవైపు చూసింది. "నా స్టవ్వు ఆ మూలకి అవతల" అంది. సినిమా మొదలై ఒక యువకుడు సైకిలుమీద వచ్చాడు.

"ఈయనెవరు?"

"హీరో అమ్మా."

"ఇంత సన్నంగా ఉంటాడా? ఆ వయొలిన్లకి ఇంకా పెద్ద మనిషై ఉంటాడనుకున్నాను."

వెనక వరసలో ఎవరో ఇస్‌స్ అన్నారు. అమ్మ ఆ తర్వాత మాట్లాడలేదు. నాన్న తెర చూడటం లేదు, అమ్మనే చూస్తున్నాడు. ఆ చలిలో ఆయన నుదుటిమీద చెమట తెర వెలుతురుకి మెరుస్తోంది. తెరమీద తల్లి మంచం పట్టింది. కూతురు రైలెక్కింది. నాన్న చెయ్యి కుర్చీ చేతిమీంచి లేచి, అమ్మ చెయ్యిమీద పడబోయి, మళ్ళీ కుర్చీ చేతిమీదే ఆగింది.

ఫ్లూటు మొదలైంది. నాలుగు స్వరాలు. ఆగింది.

అమ్మ లేచి నిలబడింది.

మళ్ళీ నాలుగు స్వరాలు వచ్చేసరికి శాలువా భుజంమీద వేసుకుని, వెనకవాళ్ళకి అడ్డం రాకుండా నడుము వంచి, చీకట్లో ఒక్క మెట్టు తడబడకుండా తలుపువైపు వెళ్ళిపోయింది. నాన్న ఆవిడ వెనక. నేను ఆయన వెనక. అంత హడావిడిలో కూడా ఆయన తలుపుని జానెడే తీసి మమ్మల్ని బయటికి పంపించి, వెలుతురు లోపలికి పోకుండా మూసేశాడు.

అమ్మ నేరుగా కాంటీనుకి నడిచింది. కాంటీను మారిపోయింది. గాజు బల్ల, మెరిసే టీ యంత్రం, దాని వెనక ఒక బొద్దుమీసాల మనిషి. ఇంటర్వెల్ వస్తోందని ఆయన బన్నుల పళ్ళేలు వరసగా బయట పెడుతున్నాడు.

"బన్నులు లోపల పెట్టెయ్ బాబూ" అంది అమ్మ. "ఈ ఆటకి పోవు."

"ఎందుకు పోవమ్మా? పొద్దున్నే తెచ్చినవి."

"లోపల తల్లి పోయింది. ఎవరికి తినబుద్ధవుతుంది? టీ ఎక్కువ పట్టు. పంచదార కూడా కాస్త ఎక్కువ వెయ్యి. ఇంకో ఏడు నిమిషాల్లో వస్తారు."

నాన్న నా పక్కన కొయ్యబారిపోయి నిలబడ్డాడు. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

"నీకు తెలుసా?" అన్నాడు చివరికి.

"ఏది?"

"తల్లి... తలుపు తియ్యదని."

అమ్మ ఆయనవైపు తిరిగింది. "పాతిక వారాలు బన్నులు మిగిలిపోయాయండీ. అన్నదమ్ములు కలుసుకుంటే బన్నులు చాలేవి కావు. ప్రేమించుకున్నవాళ్ళు విడిపోతే బిస్కెట్లు పోయేవి. కొట్లాటలైతే సోడాలు. ఎవరైనా పోతే ఒట్టి టీ. తల్లీకూతుళ్ళు కలుసుకుంటే జనం టీ ఒక్కటే తాగుతారా? నాకు మొదటి ఆటకే అనుమానం వచ్చింది. రెండో ఆటకి ఖాయమైంది."

బొద్దుమీసాలాయన బన్నుల పళ్ళెం చేత్తో పట్టుకుని వింటున్నాడు.

"మరి అడగలేదేం?" అన్నాడు నాన్న.

"ఏమని అడగను? మీరు మొహం అలా పెట్టుకుని చెప్పారు. అబద్ధమని తెలిశాక కూడా వినడానికి బాగుంది." అమ్మ శాలువా సరిచేసుకుంది. "మా అమ్మ తలుపు నాకు మూసేసి ఉందండీ. నేను వెళ్ళేసరికి ఇల్లు తాళం. రోజుకి నాలుగుసార్లు మీరు ఆ తలుపు తీశారు. వద్దంటానా?"

నాన్న బల్లమీద మోచెయ్యి ఆనించాడు, పూర్వం ఆనించినట్టే. గాజు బల్ల ఎత్తు ఎక్కువ కావడంతో సరిగ్గా ఆనలేదు.

నాకు అడగకుండా ఉండబుద్ధి కాలేదు. "అయితే నా పెళ్ళిలో తెలిసే వాయించమన్నావా?"

"మీ అమ్మమ్మ రావద్దూ పెళ్ళికి?" అంది అమ్మ, అదేం ప్రశ్న అన్నట్టు.

నేను ఏడ్చాను. మా ఆఫీసులో పెద్దాయనలాగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఇంతలో గంట మోగింది, జనం వచ్చిపడ్డారు, అందరూ నాలాగే ఉండటంతో నన్నెవరూ పట్టించుకోలేదు. టీ యంత్రం ఆగకుండా బుసకొట్టింది. బొద్దుమీసాలాయన అమ్మ మాట చెవిన పెట్టకుండా బన్నులు బయటే ఉంచాడు. ఆ ఇంటర్వెల్లో అమ్ముడైన ఒకే ఒక్క బన్ను మా నాన్న తిన్నాడు. ఆకలి వేసిందట. వారం రోజుల తర్వాత ఆయన కడుపునిండా తిన్నది అదే.

రెండో సగానికి రమ్మంటే అమ్మ రానంది.

"లోపల కూర్చుంటే నాకు సినిమా అర్థం కావడం లేదు. బొమ్మలు అడ్డొస్తున్నాయి" అంది. గోడ పక్కనున్న బెంచీమీద కూర్చుని, వీపు గోడకి ఆనించింది. నాన్న ఆవిడ పక్కన కూర్చున్నాడు. మూడు టిక్కెట్లు కొన్న బాధ నాకుంటుంది కాబట్టి నేను లోపలికి వెళ్ళాను. రెండు పక్కలా ఖాళీ సీట్లతో ఒక్కదాన్నే కూర్చుని, మిగతాదంతా శ్రద్ధగా చూశాను. పెద్దగా ఏమీ జరగలేదు. హీరో మంచివాడని రుజువైంది. చివర్లో ఆ ఫ్లూటు మళ్ళీ వచ్చింది. కూతురు బస్సులో కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తోంది. అంతే, చూస్తోంది. బస్సు వెళ్తోంది. వయొలిన్లు పైకి లేచాయి, ఆగాయి. డ్రమ్ము మూడు దెబ్బలు పడింది.

మూడో దెబ్బకి తలుపు తెరుచుకుంది. నాలుగోది లేదు. బయటి వెలుతురు, అప్పటికే ఆరిపోయిన తెరమీద పడింది, ఎవరూ అరవలేదు. తలుపు పక్కన మా నాన్న గడియ పట్టుకుని, ఎవరి కళ్ళల్లోకీ చూడకుండా, జనాన్ని వరసగా బయటికి పంపిస్తున్నాడు. ఆయన్ని ఆ పని చెయ్యమని ఎవరూ అడగలేదు.

అమ్మ ఇంకా బెంచీమీదే ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. జనం పలచబడ్డాక నాన్న కూడా వచ్చాడు.

"చివర్లో ఫ్లూటు వచ్చినప్పుడు కూతురు ఉత్తరం చదివిందట కదా" అంది అమ్మ నాతో. "తల్లి పోయేముందు రాసి, తలుపు కింద నుంచి బయటికి తోసి పెట్టిందట. మీ నాన్న చెప్పారు."

నేను నాన్నవైపు చూశాను. ఆయన పైకప్పులో దీపాలు లెక్కపెడుతున్నట్టు తల ఎత్తి చూస్తున్నాడు. ఒక్క ఉత్తరం కూడా నేను చూడలేదు. ఆ సినిమాలో పోస్టుమాన్ కూడా లేడు.

"అవునమ్మా, చదివింది" అన్నాను.

"పెద్ద ఉత్తరమేనా? ఎన్ని పేజీలు?"

"రెండు" అన్నాను.

"మూడు" అన్నాడు నాన్న, సరిగ్గా అదే క్షణంలో.

అమ్మ నన్ను చూసింది, ఆయన్ని చూసింది. "రెండున్నర అనుకుందాంలే" అని లేచి, గ్లాసులు కడిగే చోటు ఇప్పుడెక్కడ పెట్టారో చూడ్డానికి కాంటీనులోకి వెళ్ళింది.